అన్ని వాయిద్యాలూ ఒక్కరే వాయిస్తే స్టేజీ మీద ఎలా, కాగితం మీద ఎలా? (సొంత తెలుగు పాప్, బెంగళూరు)

కేపో_మూడు
తెలుగు పాప్ పాటలు. రాత, బాణీ, గొంతు, గిటారు, కీబోర్డు, బేస్, కహోన్ (పెట్టెలా ఉండే తాళవాద్యం) అన్నీ నావే. మిక్సింగ్ కూడా. ఇందిరానగర్, కోరమంగళ వైపు పబ్బుల్లో అడిగితే "సోలోనే కదా, లూపర్ పెట్టుకుని కానిచ్చెయ్" అంటున్నారు. (లూపర్ అంటే వాయించినదాన్ని అక్కడికక్కడే రికార్డు చేసి తిప్పి తిప్పి వినిపించే యంత్రం.) అలా చేస్తే రికార్డింగులో ఉన్న పాట స్టేజీ మీద సగం కూడా రావట్లేదు. ఇంకోపక్క ఒక కంపెనీ ఒక పాటకి ఏకమొత్తం ఇస్తామంటూ ఒప్పందం కాగితం పంపింది. అందులో "సమస్త హక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉంది. నాకు కావాల్సినవి రెండే. ఒక్క మనిషి 45 నిమిషాల సెట్ ఎలా లాగాలి? ఆ కాగితంలో ఏ లైను మార్చమని అడగాలి? "టాలెంట్ ఉంటే అదే దారి చూపిస్తుంది" బాపతు సలహాలు వద్దు, ప్లీజ్.

మారతహళ్లి_మద్దెల
అన్నీ నువ్వే వాయిస్తే చప్పట్లు కూడా నువ్వే కొట్టుకోవాల్సొస్తాదేమో మ్మా. ఒకసారి కొట్టి లూప్‌లో పెట్టేయ్.

లూప్‌రాజా
లూపర్ తప్పు కాదు, వాడే వరస తప్పు. లెక్క చూడు. నిమిషానికి 90 బీట్ల టెంపోలో నాలుగు బార్లంటే 16 బీట్లు, అంటే 10.7 సెకన్లు. కహోన్, బేస్, గిటారు, కీబోర్డు, హమ్మింగ్ అని ఐదు పొరలు వరసగా ఎక్కిస్తే 53 సెకన్లు. మధ్యలో ఒకటి చెడితే ఇంకో 10. దాదాపు నిమిషం సేపు జనానికి పాట లేదు, నీ పని మాత్రం కనిపిస్తోంది. ఈలోగా ఫోన్లు బయటికొస్తాయి.

ఒక్క పొర వేసి పాట ఎత్తుకో. పల్లవి మొదటిసారి పాడుతున్నప్పుడే రెండో పొర రికార్డవ్వాలి, తిప్పి పాడేటప్పుడు మూడోది. ఇది కుదరాలంటే పాట పాడే గొంతు లూపర్‌లోకి వెళ్ళకూడదు. ఏ ట్రాక్‌కి ఏ ఇన్‌పుట్ అనేది ముందే విడదీసుకో. నీ యంత్రంలో ఆ వీలు లేకపోతే పాడే మైకు నేరుగా మిక్సర్‌కి, వాయిద్యాలు మాత్రమే లూపర్‌కి.

టెంపో ముందే ఫిక్స్ చేసి క్వాంటైజ్ (లూప్ కొసల్ని బీట్‌కి సర్దేది) ఆన్‌లో పెట్టు. లేకపోతే మొదటి లూప్ మూసేటప్పుడు నువ్వు నొక్కిన క్షణమే టెంపో అయి కూర్చుంటుంది. కొంచెం ఆలస్యమైతే చివర్లో చిన్న ఖాళీ, అది తిరిగిన ప్రతిసారీ పాట అక్కడే కుంటుతుంది.

బేస్‌బాబాయ్
రాజా చెప్పింది ఇంగ్లీషు పాప్‌కి బానే ఉంటుంది. చాలా పాటల్లో నాలుగే కార్డ్స్ మొదటి నుంచి చివరిదాకా తిరుగుతాయి కాబట్టి లూప్ అక్కడ నడుస్తుంది. మన పాటలో పల్లవి ఒకచోట ఉంటే చరణం ఇంకోచోటికి పోతుంది, అనుపల్లవి ఉంటే అది మరోచోటికి. చరణం రాగానే పల్లవి లూప్ ఆపెయ్యాలి. ఆపితే అంతదాకా కట్టిన గోడంతా ఒక్కసారి పోయి గిటారొక్కటే మిగులుతుంది. అమ్మాయి "సగం కూడా రావట్లేదు" అంటున్నది ఇక్కడే అని నా అనుమానం.

లూపర్ కోసం పాటని నాలుగు కార్డ్స్‌కి కుదిస్తే సెట్‌లో అన్ని పాటలూ ఒకటే పాటలా ఉంటాయి. అందుకోసమా ఇన్ని వాయిద్యాలు నేర్చుకున్నది?

లూప్‌రాజా
బాబాయ్, ఆర్‌సీ-505 లూపర్‌లో ఐదు ట్రాకులున్నాయి. రెండు పల్లవికి, రెండు చరణానికి, ఒకటి తాళానికి. తాళం ఆగదు, మిగతావి మారతాయి. చరణం పొరలు మొదటి చరణంలో రికార్డవుతాయి, రెండో చరణంలో నిండుగా వినిపిస్తాయి. పాట పెరుగుతున్నట్టుంటుంది కూడా.

బేస్‌బాబాయ్
కాళ్ళూ చేతులూ కలిపి ఎన్ని పనులో ఒకసారి లెక్కపెట్టు. ఇంక పాట మీద ధ్యాస ఎక్కడుంటుంది? ప్రిన్స్ 1978లో తొలి ఆల్బమ్‌కి 27 వాయిద్యాలు తానే వాయించినట్టు కవర్ మీద వేసుకున్నాడు. స్టేజీకి మాత్రం బ్యాండ్ కట్టుకునే వెళ్ళాడు. పాల్ మెకార్ట్నీ 1970లో ఎక్కువగా ఇంట్లోనే కూర్చుని వాయిద్యాలన్నీ తానే వాయించి ఆల్బమ్ చేశాడు, 1971కల్లా ఆయన చుట్టూ కూడా ఒక బ్యాండ్ ఉంది. నా మాట ఒకటే: స్టూడియోలో ఒక్కదానివే, స్టేజీ మీద ఇద్దరు. కహోనో ప్యాడో వాయించే మనిషి ఒకరు చాలు. నీ చేతులకి గిటారు, కీబోర్డు మిగులుతాయి.

అట్టపెట్టె
కహోన్ వాయించేవాళ్ళకి పని చూపించిన బాబాయ్‌కి జై

డీఐ_డబ్బా
లూపరా, ఇద్దరా అన్నది మీరు తేల్చుకోండి. రెండిటికీ ముందు సౌండు సంగతి చూడాలి. పబ్బుల్లో సోలో పాటలు చెడేది ఎక్కువగా ఇక్కడే.

పికప్ ముందు. గిటారులో ప్రీయాంప్ (సిగ్నల్ పెంచే సర్క్యూట్) లేని పైజో పికప్ (కంపనాన్ని సిగ్నల్‌గా మార్చేది) అయితే దానికి కనీసం 1 మెగాఓమ్ ఇన్‌పుట్ నిరోధం కావాలి. పబ్‌లో ఇచ్చే పాసివ్ డీఐ బాక్సు (వాయిద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బా, కరెంటు అక్కర్లేని రకం) 140 కిలోఓమ్ దగ్గర ఉంటుంది. అందులో గుచ్చితే అడుగు ధ్వని పోయి రేకు డబ్బాలా మోగుతుంది. సొంత యాక్టివ్ (కరెంటుతో నడిచే) డీఐ ఒకటి సంచిలో పెట్టుకో. కీబోర్డుకి పాసివ్ చాలు. "గుంయ్" అని 50 హెర్ట్జ్ హమ్ వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకే మహానుభావులుంటారు, వాళ్ళ మాట వినొద్దు. చేతిలో తీగలు, పెదవి దగ్గర మైకు. షాక్ కొట్టడానికి అంతకంటే ఏం కావాలి?

అకౌస్టిక్ గిటారు ఊళ వేసేది సాధారణంగా 100 హెర్ట్జ్ చుట్టుపక్కల. గిటారు పొట్టలోని గాలి మోగే చోటు అదే. సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత పెట్టు, ఈక్యూలో (ధ్వని హెచ్చుతగ్గులు సర్దే చోట) ఆ ఒక్క చోటే సన్నగా కోసెయ్, డీఐ మీద ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తిరగేసేది) ఉంటే తిప్పి చూడు. మూడిట్లో ఏదో ఒకటి పని చేస్తుంది.

ఇక లూప్ చేసేవాళ్ళకి: నేల మీది మానిటర్ పెట్టుకుని మైకుతో హమ్మింగ్ పొరలు వేస్తే, మానిటర్లోంచి వచ్చిన కహోన్, బేస్ కూడా ఆ మైకులో పడి లూప్‌లో చేరతాయి. రెండో పొరలో రెండుసార్లు, మూడో పొరలో మూడుసార్లు. నాలుగో పొరకి అంతా బురద. ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే మానిటర్) పెట్టుకోవాల్సిందే.

కేపో_మూడు
@డీఐ_డబ్బా బురద! సరిగ్గా అదే వస్తోంది. నేను ఈక్యూతో కుస్తీ పడుతున్నాను.

శ్రుతిపెట్టె
మూడో దారి ఎవరూ అనట్లేదేంటి? బేస్, తాళం, హమ్మింగ్ రికార్డింగులోంచే తీసుకుని ట్రాక్ నడిపించు, నువ్వు గిటారు, గొంతు. ల్యాప్‌టాప్‌లోంచి ఎడమ ఛానెల్‌లో ట్రాక్ మోనోగా, కుడి ఛానెల్‌లో క్లిక్ (టెంపో చూపించే టిక్ టిక్). ఎడమది డీఐ నుంచి బయటికి, కుడిది నీ చెవికి మాత్రమే. చరణం ఎక్కడికి పోయినా బాధ లేదు.

మారతహళ్లి_మద్దెల
దాన్ని మా ఊర్లో కేరియోకీ అంటారప్పా.

శ్రుతిపెట్టె
అన్ని ట్రాకులూ తను వాయించినవే అయితే కేరియోకీ ఎట్లవుతది? అయినా పూర్తి పాట పెట్టమనట్లే. చేత్తో వాయించేది ట్రాక్‌లోంచి తీసెయ్యాలి. సెట్‌లో మూడింట ఒక వంతు పాటలకి ట్రాక్, మిగతావి ఉత్త గిటారు, ఉత్త కీబోర్డు. పబ్‌లో పది మంది మాట్లాడుకుంటున్నప్పుడు ఉత్త గొంతు, కీబోర్డు వస్తే వాళ్ళే ఆగి చూస్తారు.

బేస్‌బాబాయ్
ట్రాక్ ఒకసారి మొదలైతే జనం పల్లవి అందుకున్నా ఇంకోసారి తిప్పలేం. నాకదే పడదు. ఇది నా అభిరుచి అనుకోండి.

రాయల్టీ_అక్క
స్టేజీ గొడవ మీరు చూసుకోండి, కాగితం సంగతి నేను చెప్తా. కాస్త పొడుగు.

కేపో, చట్టం దృష్టిలో నువ్వు ఒక్కదానివి కాదు. సాహిత్యం రాసిన మనిషి, బాణీ కట్టిన మనిషి, పాడిన, వాయించిన మనిషి, రికార్డింగ్ నిర్మాత. నలుగురివీ నాలుగు రకాల హక్కులు. సినిమా పాటలో ఈ నలుగురూ వేరువేరు కాబట్టి అందరికీ తెలుస్తుంది. ఒక్కరే అయినప్పుడు "నా పాట" అని ఒకే ముద్దగా అనుకుని, ఒకే సంతకంతో నాలుగూ ఇచ్చేస్తారు. "సమస్త హక్కులు" అనే మాట పని చేసేది ఆ ముద్ద మీదే.

2012 కాపీరైట్ సవరణ తర్వాత సాహిత్యం, బాణీ రాయల్టీలో రచయితకి రావాల్సిన సమ వాటాని వదులుకుంటున్నట్టు రాయించుకోవడం చెల్లదు. ఆ వాటాని వారసులకి గానీ, కాపీరైట్ సొసైటీకి (రాయల్టీలు వసూలు చేసి పంచే సంఘం) గానీ తప్ప ఎవరికీ రాసివ్వలేవు. సినిమాలో లేని విడి పాటకి కూడా ఇది వర్తిస్తుంది. కాబట్టి కాగితంలో ఈ వాటా నీదే అని విడిగా ఒక లైను రాయమని అడుగు. "చట్టంలో ఎలాగూ ఉందిగా" అంటే, ఉన్నదాన్ని రాయడానికి ఇబ్బందేమిటని అడుగు.

కాపీరైట్ చట్టం సెక్షన్ 19 కూడా తెలుసుకో. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే ఇండియా అని చట్టమే అనుకుంటుంది. అందుకే వాళ్ళు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని గుర్తుపెట్టుకుని మరీ రాస్తారు. ఆ రెండు మాటలే మార్చమను. గడువు అంకెల్లో ఉండాలి. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడకపోతే అది నీకు తిరిగొస్తుంది, ఒప్పందంలో వేరేలా రాస్తే తప్ప. "సెక్షన్ 19(4) వర్తించదు" అని చిన్న అక్షరాల్లో ఎక్కడైనా ఉందేమో చూడు. ఉంటే కొట్టించు. ఇది ఉన్న పాటలే అటకెక్కుతాయి: కంపెనీ విడుదల చెయ్యదు, నిన్నూ చెయ్యనివ్వదు.

ఇంకా అడగాల్సినవి: రికార్డింగ్ మాత్రమే ఇస్తున్నాను, సాహిత్యం, బాణీ నావే. ఈ పాటని నేను స్టేజీ మీద పాడుకోవచ్చు. రాబోయే పాటల మీద "మొదటి అవకాశం" వద్దు.

కేపో_మూడు
అక్కా, "మొదటి అవకాశం" ఉంది! "తదుపరి మూడు కృతులపై ప్రథమ తిరస్కరణ హక్కు" అని రాశారు. అర్థం కాక వదిలేశాను.

రాయల్టీ_అక్క
అదే అది. తర్వాతి మూడు పాటలు ముందు వాళ్ళకే చూపించాలి, వాళ్ళు కాదన్నాకే బయటికి. ఎన్ని రోజుల్లో కాదనాలో రాయలేదు కదా? రాయరు. పూర్తిగా తీసేయించు. మొండికేస్తే "15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే కాదన్నట్టే" అని చేర్చు. సంతకానికి ముందు ఒక లాయరుకి చూపించు. ఇక్కడ నేను చెప్పింది అడగాల్సిన ప్రశ్నల వరకే.

చెన్నై_చరణం
ముందు పేరు రావాలి కదా. సినిమా పాటల కవర్లు (మన గొంతుతో మళ్ళీ పాడినవి) నాలుగు స్పాటిఫైలో వేస్తే జనం వెతుక్కుంటూ వస్తారు, ఆ వెనకాలే సొంత పాట వదలొచ్చు. చెన్నైలో చాలామంది దారి ఇదే.

రాయల్టీ_అక్క
@చెన్నై_చరణం యూట్యూబ్‌లో పాడితే కంటెంట్ ఐడీ (పాట ఎవరిదో గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ) క్లెయిము పడి డబ్బు లేబుల్‌కి పోతుంది, వీడియో ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి పోతుంది. స్ట్రీమింగ్‌లో అమ్మకానికి పెట్టడం వేరే సంగతి. కవర్ వెర్షన్లకి చట్టబద్ధ లైసెన్స్ సెక్షన్ 31సీలో ఉంది గానీ, అసలు రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. కొత్త పాటలకి ఆ దారి మూసినట్టే. లేబుల్‌ని అడిగి లైసెన్స్ తెచ్చుకోవాలి.

చెన్నై_చరణం
సరే, యూట్యూబ్ వరకే అనుకుందాం. అయినా కవర్ పాడితే జనం వస్తారన్న మాట వెనక్కి తీసుకోను.

మెటాడేటా_మావ
అక్క చెప్పిన నలుగురికీ డబ్బు వచ్చే గొట్టాలు కూడా వేరు. డిస్ట్రిబ్యూటర్ (పాటని స్ట్రీమింగ్ యాప్‌లకి ఎక్కించే కంపెనీ) నుంచి వచ్చేది రికార్డింగ్ డబ్బు మాత్రమే. సాహిత్యం, బాణీకి ఐపీఆర్ఎస్‌లో (రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే సొసైటీ) సభ్యత్వం తీసుకోవాలి, రెండు పాత్రలకీ. గాయనిగా, వాద్యకారిణిగా ఇస్రాగా మొదలైన సొసైటీ ఉంది, ఇప్పుడు ఇసామ్రా. అమెరికాలో డిజిటల్ రేడియోల డబ్బు సౌండ్‌ఎక్స్ఛేంజ్ వసూలు చేస్తుంది. అక్కడ పంపకం 50 శాతం రికార్డింగ్ యజమానికి, 45 ప్రధాన కళాకారుడికి, 5 సహ వాద్యకారులకి. నువ్వు యజమానివీ కళాకారిణివీ కాబట్టి రెండుగా నమోదవ్వాలి. కళాకారిణిగా మాత్రమే నమోదై సగం డబ్బు అక్కడే వదిలేసేవాళ్ళున్నారు.

అప్‌లోడ్ దగ్గర జరిగే తప్పులు:

ఐఎస్ఆర్‌సీ 12 అక్షరాల కోడ్, అది రికార్డింగ్‌ది. డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే కోడ్ ఇవ్వాలి. కొత్త కోడ్ పడితే ప్లేలు సున్నా నుంచి మొదలు. బాణీకి వేరే కోడ్, ఐఎస్‌డబ్ల్యూసీ, అది ఐపీఆర్ఎస్ వైపు నుంచి వస్తుంది.

రచయిత గడిలో స్టేజీ పేరు రాయకు. పాన్ మీద ఉన్న పూర్తి పేరు రాయి. మనవాళ్ళకి ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒక రకంగా, ఐపీఆర్ఎస్ దగ్గర ఇంకో రకంగా ఉంటే డబ్బు ఎవరిదో తేలక ఆగిపోతుంది.

స్పాటిఫై ఎడిటర్లకి పిచ్ (ప్లేలిస్టులో పెట్టమని అడగడం) విడుదలకి కనీసం 7 రోజుల ముందు. ఫైలు మూడు నాలుగు వారాల ముందే ఎక్కించు. కవర్ బొమ్మ 3000 బై 3000. ఇంకోటి, 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకి గడిచిన 12 నెలల్లో 1000 ప్లేలు దాటకపోతే రికార్డింగ్ రాయల్టీ రాదు. కాబట్టి నెలకో పాట చొప్పున చల్లేబదులు ఉన్న పాటని నిలబెట్టు.

లూప్ ప్యాకుల్లోంచి (అందరికీ దొరికే రెడీమేడ్ ముక్కలు) తెచ్చిన ముక్క పాటలో ఉంటే కంటెంట్ ఐడీకి ఇవ్వకు. అదే ముక్క వాడిన పదిమందికీ నీ పేరుతో క్లెయిములు పోతాయి, తర్వాత తిట్లు నీకొస్తాయి. అన్నీ నువ్వే వాయించావు కాబట్టి నీకు ఆ బెడద లేదు. ఇన్ని వాయిద్యాలు నేర్చుకున్నందుకు ఎవరూ చెప్పని లాభం ఇది.

పన్ను_పరమేశం
మావ మరిచిపోయింది: డబ్ల్యూ-8బెన్, అమెరికా పన్ను ఫారం. అది ఇవ్వకపోతే అమెరికా నుంచి వచ్చే రాయల్టీలో 30 శాతం కోత. ఇచ్చి, పాన్ నంబరు వేసి, ఇండియా ఒప్పందం కింద అడిగితే 15. ఇక్కడ పబ్ వాళ్ళు 10 శాతం టీడీఎస్ కోస్తే అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను పోర్టల్‌లో నీ పాన్ కింద కనిపిస్తుంది, రిటర్న్‌లో కట్టాల్సిన పన్నులోంచి తీసేసుకోవచ్చు, ఎక్కువైతే తిరిగొస్తుంది. కోసి కట్టనివాళ్ళూ ఉంటారు, అందుకే మూడు నెలలకోసారి చూసుకో. ఏడాదికి సేవల రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ. ఒక్కో ప్రదర్శనకి లక్షన్నర వరకు మినహాయింపు ఉన్నది జానపద, శాస్త్రీయ కళలకే. పాప్‌కి లేదు.

మారతహళ్లి_మద్దెల
మొదట్లో ఒక ఆలాపన, చివర్లో ఒక తిల్లానా పెడితే శాస్త్రీయం కాదా సామీ?

పన్ను_పరమేశం
కాదు.

కోరస్_కావేరి
మధ్యలో దూరుతున్నా. రికార్డింగులో నా గొంతే ఆరుసార్లు వేసి కోరస్ చేస్తే ముక్కుతో పాడినట్టు, పదునుగా వినిపిస్తోంది. ఒక్కొక్కటీ విడిగా వింటే బానే ఉంది.

బేస్‌బాబాయ్
ఒకే గొంతు, ఒకే మైకు, ఒకే దూరం, ఒకే గది. నీ గొంతులో ఎక్కడ బలముందో ఆరు పొరల్లోనూ అక్కడే బలం. అదే పేరుకుంటుంది. మొదటి రెండు పొరలు 15 సెంటీమీటర్ల నుంచి పాడు, తర్వాతి రెండు ఒక అడుగు దూరం నుంచి, చివరి రెండు మైకుకి కాస్త పక్కకి తిరిగి. రెండో మైకు ఉంటే మార్చు. పొరల్లో పదం చివరి హల్లు, సకారాలు మింగెయ్, అవి ప్రధాన గొంతులో ఉంటే చాలు. ఆరుగురూ ఒకేసారి "స్" అంటే పాము పడగెత్తినట్టుంటుంది. మిక్స్‌లో పొరలకి 150 హెర్ట్జ్ కింద కోసెయ్.

వాయిద్యాలకీ ఇదే జబ్బు ఉంది. ఒకే మనిషి కాబట్టి బీట్‌కి కాస్త ముందుకి తోసే అలవాటుంటే కహోన్, బేస్, గిటారు అన్నీ ముందుకే తోస్తాయి. క్లిక్‌తో వాయించినా సరే. ముందు తాళం వేసి, క్లిక్ ఆపేసి, ఆ తాళం వింటూ బేస్ వాయించు. రెండూ కుదిరాకే కార్డ్స్. ప్రతి వాయిద్యానికి ముందు శ్రుతి మళ్ళీ చూసుకో.

డీఐ_డబ్బా
బాబాయ్ చెప్పిందానికి తోక: మాస్టర్‌ని (విడుదల చేసే చివరి ఫైలు) శబ్దం కోసం చితక్కొట్టకండి. స్పాటిఫై, యూట్యూబ్ రెండూ మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంతుందో చెప్పే కొలత) దగ్గరికి తగ్గించేస్తాయి. మైనస్ 7కి బాదితే శబ్దం తగ్గుతుంది గానీ బాదిన గాయం పోదు. ట్రూ పీక్ (శబ్దం ఎక్కే గరిష్ఠ శిఖరం) మైనస్ 1 డెసిబెల్.

కేపో_మూడు
కంపెనీకి మెయిలు పెట్టాను: గడువు ఐదేళ్ళు, సాహిత్యం, బాణీ నావే, మూడు కృతుల లైను తీసెయ్యాలి, 19(4) జోలికి పోవద్దు. స్టేజీకి బాబాయ్, శ్రుతిపెట్టె ఇద్దరి మాటా కలిపి చేస్తున్నా. మూడు పాటలకి ట్రాక్, మిగతావాటికి కహోన్ మనిషి. పబ్‌కి పంపబోయే ఇన్‌పుట్ లిస్టు (మిక్సర్‌లో ఏ ఛానెల్‌కి ఏది) ఇది, తప్పులుంటే చెప్పండి:
1 గొంతు, గిటారు దగ్గర
2 గొంతు, కీబోర్డు దగ్గర
3 గిటారు, సొంత యాక్టివ్ డీఐ
4 కీబోర్డు, మోనో, డీఐ
5 కహోన్ వెనక
6 కహోన్ ముందు
7 ట్రాక్
8 క్లిక్

అట్టపెట్టె
5, 6 రెండిటికీ ఎదురెదురు ఫేజ్ వస్తుంది. ఒకదాని పోలారిటీ తిప్పమని పక్కనే రాయి, లేకపోతే అడుగు దెబ్బ మాయం. ఒకటే మైకు ఇస్తే వెనక రంధ్రం దగ్గర, నడిమధ్యలో కాకుండా కాస్త పక్కకి.

రాయల్టీ_అక్క
కహోన్ మనిషితో వాట్సాప్‌లోనైనా రెండు లైన్లు రాసుకో: ప్రదర్శనకి ఇంత, ఎవరైనా రికార్డు చేసి విడుదల చేస్తే విడిగా మాట్లాడుకుందాం. సెట్‌లిస్టు కూడా పబ్‌కి రాసివ్వు. పాడింది నీ పాటలని రికార్డులో లేకపోతే ఐపీఆర్ఎస్ వాటా నీ దాకా రావడం కష్టం.

డీఐ_డబ్బా
గొంతుకి రెండు మైకులు వద్దు. వాడని మైకు తెరిచి ఉంటే నీ గొంతే అందులో ఆలస్యంగా పడి బోలుగా వినిపిస్తుంది, ఊళ కూడా ఎక్కువ. స్టూలు మీద కూర్చో, కీబోర్డు ముందు, గిటారు ఒళ్ళో, ఒకే బూమ్ స్టాండ్. గిటారు పాటలన్నీ ఒక ముక్కగా, కీబోర్డు పాటలన్నీ ఒక ముక్కగా పెట్టుకుంటే మార్పు ఒక్కసారే. జాక్ పీకే ముందు ట్యూనర్ పెడల్‌తో మ్యూట్ చెయ్.

8 తీసెయ్. క్లిక్ అనేది పబ్ మిక్సర్‌కి వెళ్ళనే కూడదు. లిస్టులో ఉంటే ఎవరో ఒకరు గుచ్చుతారు, హాలంతా టిక్ టిక్. ఒక స్టీరియో జాక్ నుంచి రెండు మోనో జాక్‌లు వచ్చే కేబుల్ కొనుక్కో, ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో దొరుకుతుంది. ఎడమ కొస 7వ డీఐకి, కుడి కొస నీ హెడ్‌ఫోన్ యాంప్‌కి. కుడి కొసకి ఎర్ర టేపు చుట్టు. ట్రాక్ కూడా చెవిలో కావాలంటే చిన్న నాలుగు ఛానెళ్ళ మిక్సర్ ఒకటి పక్కన పెట్టుకోవాలి, అప్పుడు కేబుళ్ళు ఇంకో రెండు.

కేపో_మూడు
ఆ రెండూ ఏవి? క్వార్టర్ (పావు అంగుళం జాక్) టు క్వార్టరా, మినీ జాకా?

డీఐ_డబ్బా
ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి తీసుకోకు, ఛార్జర్ గోల వినిపిస్తుంది. నీ రికార్డింగ్ ఇంటర్‌ఫేస్‌నే (ల్యాప్‌టాప్‌కి తగిలించే సౌండు పెట్టె) తీసుకెళ్ళు, అప్పుడు రెండూ క్వార్టర్ టు క్వార్టర్. స్పేరు ఒకటి.